బేతాళుడి పక్కన ముసుగు మనిషి

  

స్మారక ఉపన్యాసం అంటే ముందుగా ఆ మనిషి పేరు చెప్పి దండం పెట్టుకోవాలి. నాకు ఆ వీలు లేదు. ఈ నిధి ఏర్పాటు చేసిన కుటుంబం ఒకే ఒక షరతు పెట్టింది. ఆయన పేరు ఆహ్వానపత్రంలో గానీ, తర్వాత అచ్చేసే ఈ చిన్న పుస్తకంలో గానీ ఉండకూడదు. అది ఆయన కోరికేనట. "నేను రాసిందేముంది, అద్దెకిచ్చినానంతే" అనేవాడని వాళ్లబ్బాయి చెప్పాడు. కాబట్టి ఊరు పిలిచినట్టే నేనూ పుస్తకాలప్ప అనే అంటాను.

ఆయనది కృష్ణగిరి వైపు. ఆదోనిలో పత్తి అంగళ్ల సందున, మూడు రేకుల కింద అద్దె పుస్తకాల అంగడి పెట్టుకున్నాడు. రోజుకు పది పైసలు. చినిగిన పేజీకి జుల్మానా లేదు, కానీ చూపు ఉండేది. ఆ చూపు కంటే జుల్మానాయే నయం. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు, "చదివినావా, బొమ్మలే చూసినావా?" అని అడిగేవాడు. బొమ్మలే చూశానన్నా కోప్పడేవాడు కాదు. "ఏం కనపడినాయి?" అనేవాడు.

నాకు పదకొండేళ్లప్పుడు ఆ అంగట్లో ఒక మోసం జరిగిందనుకున్నాను. అట్ట వెన్నున నల్ల సిరాతో "బేతాళుడు" అని రాసి ఉన్న లావాటి బైండు తీసుకున్నాను. దాని పక్కన చందమామ బేతాళ కథల బైండ్లు ఉన్నాయి. ఇదీ అదే అనుకున్నాను. ఇంటికి పోయి తెరిస్తే విక్రమార్కుడు లేడు, చెట్టు లేదు, శవం లేదు. ఒంటికి అతుక్కున్న బట్టలేసుకుని, కళ్లకు గంత కట్టుకుని ఒక తెల్లవాడు గుర్రమెక్కి పోతున్నాడు. భాష హిందీ. మర్నాడు పోయి కొట్లాట పెట్టుకున్నాను. ఆయన బైండు లోపలి అట్ట తిప్పి, హిందీలో ఉన్న పేరు మీద వేలు పెట్టాడు. "వేతాళ్ అని రాసినారా లేదా? మన బేతాళుడే. పేరు పెట్టినోళ్లనడుగు."

యాభై ఏళ్లు ఆలస్యమైనా, ఇవాళ అడుగుతాను. పేరు పెట్టినవాళ్లెవరు? నేను చెప్పదలిచింది ఒక్కటే. బొమ్మల పుస్తకంలో వీరుణ్ని కనేది రచయిత కావచ్చు గానీ, వాడి పేరు, రంగు, దేశం, శత్రువు, ఒక్కోసారి వాడి బతుకు కూడా తేల్చేది వాణ్ని అచ్చొత్తిన ఇల్లు.

1

ముందు మన బేతాళుడి ఇంటికి పోదాం. చందమామ 1947 జులైలో మద్రాసులో మొదలైంది. పెట్టినవాళ్లు ఇద్దరు. ఒకరు బి. నాగిరెడ్డి, కడప జిల్లా పొట్టిపాడు మనిషి, అంటే మన సీమవాడే. రెండోవారు తెనాలి చక్రపాణి. 1952లో కొడవటిగంటి కుటుంబరావు వచ్చి, 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికకు భాష దిద్దారు.  పిల్లల తెలుగు ఎట్లుండాలో నెలనెలా రాసి చూపించారు.

వేతాళ కథలు చందమామ సొంతం కావు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరులో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో అవి ఉన్నాయి. లెక్కకు ఇరవై అయిదు. చందమామ ఆ ఇరవై అయిదుతో ఆగలేదు. చిక్కుముడి ఉన్న కథ ఏది దొరికినా విక్రమార్కుడి భుజాన వేసింది. ఇరవై అయిదు కాస్తా వందలయ్యాయి. నెలనెలా సంచిక రావాలి కాబట్టి రాజుగారికి విశ్రాంతి లేకుండా పోయింది. గమనించండి, ఇది సోమదేవుడి నిర్ణయం కాదు. మాసపత్రిక అవసరం.

ఇక బొమ్మ. ఒక చేత కత్తి, భుజాన శవం, వెనక్కి తిరిగిన చూపు. శంకర్ గీసిన ఆ రాజును ఒకసారి చూసినవాళ్లు ఇంకో విక్రమార్కుణ్ని ఊహించుకోలేరు. కె. సి. శివశంకరన్ ఆయన అసలు పేరు. 1952లో చందమామలో చేరారు, 2020లో తొంభై ఆరేళ్ల వయసులో పోయారు. ఆయన గీసింది కామిక్ కాదు. కథకొక బొమ్మ, పేజీకొక బొమ్మ. ఒక గడి నుంచి ఇంకో గడికి దూకే పని అందులో లేదు. మిగతా కదలిక అంతా వాక్యాలదే. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో "తోకచుక్క"తో మొదలుపెట్టిన సీరియల్సూ అంతే. రాక్షసులు, మాంత్రికులు, కోటలు, సముద్రాలు, పక్కన చిత్రా గీసిన బొమ్మలు. పరుగెత్తేది వచనం. బొమ్మ ఒక్క క్షణం నిలబడి చూపించేది.

గళ్ల బొమ్మల కథ వాళ్లకు చేతగాక కాదు. దాసు, వాసు అని ఇద్దరు పిల్లల చిత్రకథ ఒక పేజీ వేసేవాళ్లు. మరి సాహసాన్ని ఆ గళ్లలోకి ఎందుకు తేలేదు? ఈ ప్రశ్న పక్కన పెట్టుకోండి, మూడో భాగంలో పని పడుతుంది.

2

రెండో బేతాళుడు అమెరికావాడు. 1936 ఫిబ్రవరి 17న అక్కడి దినపత్రికల్లో మొదలైన ఫాంటమ్. రాసినవాడు లీ ఫాక్, మొదట గీసినవాడు రే మూర్. సూపర్‌మ్యాన్ రావడానికి ఇంకా రెండేళ్లుంది. ఈ ఫాంటమ్‌కు ఎగరడం రాదు, గోడలు పగలగొట్టడం రాదు. వాడి శక్తల్లా ఒక పుకారు. నాలుగు వందల ఏళ్లుగా చావని మనిషని అడవిలో అందరూ నమ్ముతారు. నిజానికి తండ్రి పోతే కొడుకు అదే ముసుగేసుకుంటాడు. మనం చదివేది ఇరవై ఒకటోవాడి కథ.

వాడి బట్టల రంగు సంగతి చెప్పాలి. ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాళ్లు దీన్ని నాకంటే బాగా అర్థం చేసుకుంటారు. ఫాక్ మనసులో ఉన్నది బూడిద రంగు. దినపత్రికలో నలుపు తెలుపే కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. 1939లో ఆదివారం రంగుల పేజీ మొదలైనప్పుడు అచ్చాఫీసులో ఊదా వేశారు. అదే నిలిచిపోయింది. ఇటలీలో ఎరుపు వేశారు, స్వీడన్ వైపు నీలం. వీరుడొక్కడే, అద్దకం ఏ ఊరిదైతే రంగు ఆ ఊరిది.

మన దేశంలో వీడు ముందు ఇలస్ట్రేటెడ్ వీక్లీలో కనిపించాడు. తర్వాత 1964 మార్చిలో, ఆ వారపత్రిక నడిపిన టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థే, ఇంద్రజాల్ కామిక్స్ అని ప్రత్యేకంగా పుస్తకాలు మొదలుపెట్టింది. 1990 దాకా ఎనిమిది వందలకు పైగా సంచికలు వచ్చాయి. మొదటి ముప్ఫై రెండూ ఫాంటమే. ఆదోనిని రెండో బొంబాయి అంటారు కదా. పత్తి బేళ్లు ఇక్కడి నుంచి అటు పోయేవి, ఈ పుస్తకాలు బొంబాయి రైల్లో ఇటు వచ్చేవి. పుస్తకాలప్ప స్టేషనుకు పోయి, ప్రయాణికులు చదివి వదిలేసినవి కూడా ఏరుకొచ్చేవాడు.

బొంబాయి సంపాదకులకు ఒక చిక్కొచ్చింది. ఫాక్ కథ మొదట్లో మన తూర్పు సముద్రాల వైపు ఎక్కడో జరుగుతుంది. దేశం పేరు బెంగాల్‌ను పోలి ఉంటుంది. సముద్రపు దొంగల పేరు సింగ్. ఫాంటమ్ తండ్రిని చంపినవాడి పేరు, చెప్పాలంటే నోరు రాదు, రామా. ఇట్లాగే అచ్చేస్తే అంగళ్లు తగలబడతాయని అనుకున్నారో ఏమో, మార్చేశారు. దేశం డెంకాలి అయింది. సింగ్ దొంగలు సింగా దొంగలయ్యారు. రామా అన్నవాడు రామాలు అయ్యాడు. దేవుడి పేరు తప్పించబోయి, తెలుగూళ్లలో వీధికొకరుండే మన రాములు మెడకు ఆ హత్య చుట్టారు. (నవ్వకండి, ఈ సభలోనే నలుగురు రాములు కనిపిస్తున్నారు నాకు.) ఫాంటమ్‌ను కాపాడే అడవి జనం పేరు బందర్. కిప్లింగ్ చదివిన అమెరికావాడికి అది అడవి మాట. హిందీవాడికి కోతి. తెలుగువాడికి మాత్రం లడ్డు గుర్తొస్తుంది.

హిందీలో ఫాంటమ్‌కు వేతాళ్ అని పేరు పెట్టారు. చిన్నప్పుడు దాన్ని మోసమనుకున్నాను గానీ, ఇప్పుడు ఆ పెట్టినవాడికి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. వేతాళుడంటే పరాయి శరీరంలో దూరి మాట్లాడేవాడు. శరీరం మారుతుంది, గొంతు అదే. ఫాంటమ్‌దీ అదే కిటుకు. అయితే ఒక తిరకాసుంది. మన కథలో వీరుడు బేతాళుడు కాదు, వాణ్ని మోసేవాడు. మనకు అలవాటైన లెక్కలో బరువు మోసి, ప్రశ్నకు జవాబు చెప్పి, మళ్లీ చెట్టు దాకా నడిచేవాడు గొప్పవాడు. బొంబాయి వేతాళుణ్ని ఎవరూ ప్రశ్న అడగరు. సింహాసనం మీద కూర్చుంటాడు, నల్లవాళ్లు చుట్టూ నిలబడతారు. పుర్రె గుర్తు దవడ మీద ముద్రేసి పోతాడు. అడవినీ అడవి మనుషులనూ కాపాడడానికి తరతరాలుగా ఒక తెల్లదొరే కావలసి రావడం చిన్నప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు చదివితే గొంతులో అడ్డం పడుతుంది. బొంబాయివాళ్లు పేర్లు కడిగారు, ఆ సింహాసనాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఇంకో మాట, ఇది అచ్చుపని చేసేవాళ్ల కోసం. ఇంగ్లీషు కామిక్‌లో మాటల బుడగ ముందే గీసి ఉంటుంది, అన్నీ పెద్ద బడి అక్షరాలు, వరసలు దగ్గరగా. అందులో తెలుగు పట్టించి చూడండి. వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, వరసకూ వరసకూ మధ్య గాలి కావాలి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికి ఎంత ఎత్తు కావాలో కంపోజిటర్‌ను అడగండి. పరాయి బుడగలో తెలుగువాడు మెడ వంచుకుని మాట్లాడాలి.

3

ఇప్పుడు పక్కన పెట్టిన ప్రశ్న. అరవంలో కామిక్స్ బలంగా నిలిచాయి. 1972లో శివకాశి నుంచి ముత్తు కామిక్స్ మొదలయ్యాయి. ఇంగ్లండు పత్రికలో పుట్టిన ఉక్కు చేతి మనిషిని ఇరుంబుక్కై మాయావి అని పేరు పెట్టి ఇంటింటికీ చేర్చాయి. శివకాశి అంటే ఏమిటి? టపాకాయల పెట్టెల మీద లేబుళ్లు, క్యాలెండర్లు అచ్చేసే ఊరు. రంగుల అచ్చు యంత్రాలు దండిగా ఉన్న ఊరు. అక్కడ వీరుడు కాగితం మీదే ఉండిపోయాడంటే ఆశ్చర్యం లేదు.

బొంబాయిలో పత్రికల సంస్థ. శివకాశిలో లేబుళ్ల అచ్చాఫీసులు. మరి తెలుగువాడి బొమ్మల కథ పుట్టిన ఇల్లు ఏది? మద్రాసు వడపళని. చందమామ యజమానులు ఇంకేం చేసేవాళ్లో మీ అందరికీ తెలుసు. అదే నాగిరెడ్డి, అదే చక్రపాణి 1951లో పాతాళభైరవి తీశారు. దర్శకుడు కె. వి. రెడ్డి, మాటలు పింగళి నాగేంద్రరావు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లోంచి తీసుకున్న కథ, దానికి అల్లావుద్దీన్ వాసన కొంచెం. తోటమాలి కొడుకు, మాంత్రికుడు, కోరింది ఇచ్చే బొమ్మ. 1957లో మాయాబజార్. ఆకాశంలో బాణం బాణాన్ని కొడుతుంది, ఘటోత్కచుడు పెరుగుతాడు, లడ్లు వాటంతటవే నోట్లోకి పోతాయి. కామిక్ చిత్రకారుడు గీతలతో చేసే పనంతా అక్కడ మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసింది.

నా అంచనా ఇది, అంచనాగానే తీసుకోండి. ఒకే యజమానికి అచ్చాఫీసూ స్టూడియో రెండూ ఉన్నప్పుడు, ఎగిరేవీ దూకేవీ స్టూడియోకు పోయాయి. నిలబడి ఆలోచించేవి అచ్చాఫీసుకు మిగిలాయి. తెలుగులో సూపర్ హీరో కామిక్ రాలేదని బాధపడేవాళ్లను నేను చూశాను. అది రాకపోవడం కాదు, ఇల్లు మారడం. మన రెండో తరగతి పిల్లవాడికి గాల్లో ఎగిరే మనిషి గడిలో కాదు, డేరా టాకీసులో ఎదురయ్యాడు. పుస్తకాలప్ప ఈ మాటకు ఒప్పుకునేవాడు కాదు. సినిమా ఆయన అంగడికి పోటీ మరి. "తెర మీద బొమ్మను వెనక్కి తిప్పగలమా?" అనేవాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కామిక్‌లో చదివేవాడే ఆపరేటరు, నచ్చిన గడి దగ్గర ఎంతసేపైనా ఆగుతాడు. ఆ సుఖం మన పిల్లలకు తక్కువ దొరికిన మాట నిజమే.

4

ఇల్లు మారితే వీరుడి శక్తి కూడా మారుతుందా? అసలు ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

అమెరికా సూపర్‌మ్యాన్‌కు అది పుట్టిన గ్రహం నుంచి వచ్చింది. స్పైడర్‌మ్యాన్‌కు సాలీడు కాటు, అంటే ప్రమాదం. మన దగ్గరికి వచ్చేసరికి ఏమైందో చూడండి. 1980లో ఎన్. టి. రామారావు వి. మధుసూదనరావు దర్శకత్వంలో సూపర్‌మ్యాన్ అన్న తెలుగు సినిమానే చేశారు. అందులో గ్రహం లేదు. హనుమంతుడు అనుగ్రహించాడు. 2004లో మార్వెల్ వాళ్ల అనుమతితో గోథం అనే సంస్థ స్పైడర్‌మ్యాన్ ఇండియా తెచ్చింది. రాసినవాళ్లు శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, గీసినవాడు జీవన్ జె. కాంగ్. పీటర్ పార్కర్ పవిత్ర్ ప్రభాకర్ అయ్యాడు. ధోతీ కట్టాడు, బాబాయి పేరు భీమ్, పిన్ని పేరు మాయ. సాలీడు కాటు తీసేసి, ఒక యోగి శక్తినిచ్చాడని రాశారు. 2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ హనుమాన్‌లోనూ అంతే. అంజనాద్రి అన్న ఊరు పెట్టారు. మనకు ఆనెగొంది అంజనాద్రి దగ్గర, కసాపురం నెట్టికంటి ఆంజనేయుడు ఇంకా దగ్గర, కాబట్టి ఇక్కడి థియేటర్లో ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

మన వీరుడి శక్తి వరం. వరమంటే ఇచ్చినవాడొకడుంటాడు. ఇచ్చినవాడికి లెక్క చెప్పాలి. ప్రమాదానికి లెక్క చెప్పనక్కర్లేదు. పవిత్ర్ ప్రభాకర్ బట్ట గురించి ఆ రోజుల్లో చాలామంది వెక్కిరించారు గానీ, ధోతీ పైపై సంగతి. యోగి వచ్చిన చోట కథ లోపలి లెక్క మారింది. నాలుగు సంచికలతో ఆగిన ఆ బొమ్మ, దాదాపు ఇరవై ఏళ్లకు 2023లో హాలీవుడ్ యానిమేషన్ సినిమాలో తిరిగొచ్చి తెలుగులో కూడా మాట్లాడింది.

ఫాంటమ్‌ది మాత్రం వరమూ కాదు, ప్రమాదమూ కాదు. అది ప్రమాణం. మొదటివాడు తన తండ్రిని చంపినవాడి పుర్రె మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకుంటాడు. నేనూ, నా కొడుకులూ, వాళ్ల కొడుకులూ ఈ దొంగలతో పోరాడతామని. ఇరవై ఒక్క తరాలు ఆ ఒట్టు మోస్తాయి. అమెరికా పిల్లవాడికి ఇది సాహసం. నేను చదివింది ఎక్కడ? కర్నూలు జిల్లాలో. తండ్రి చావుకు కొడుకు కట్టుబడిన ఊళ్లు మనకు కథలో అక్కర్లేదు. రక్తం ఆరని చొక్కా దాచిపెట్టి, పిల్లవాడు పెద్దయ్యాక చూపించే ఇళ్ల గురించి మన పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు. ఫాంటమ్ పుర్రె గుహ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఆ తగ్గిన గొంతులే వినపడేవి. తర్వాత ఫ్యాక్షన్ సినిమాలు వచ్చి సుమోలు గాల్లోకి లేపి, మన జిల్లాల పేర్లు తెర మీద వేసి డబ్బు చేసుకున్నాయి. వాటి మీద నాకున్న కోపం ఇక్కడ దించుకోను, సమయం చాలదు.

అందుకే ఇంద్రజాల్‌లో నాకు నచ్చినవాడు ఫాంటమ్ కాదు, బహాదుర్. 1976 డిసెంబరులో వచ్చాడు. సృష్టించినవాడు ఆబిద్ సుర్తి, గీసినవాడు గోవింద్ బ్రహ్మణియా. కాషాయం కుర్తా, కింద జీన్స్ ప్యాంటు. ముసుగు లేదు. వాడి తండ్రి బందిపోటు. ఆ తండ్రిని చంపిన పోలీసు అధికారి మీద పగ తీర్చుకోవాలని పెరిగిన పిల్లవాడు చివరికి ఆ అధికారి పక్కనే నిలబడి, తండ్రి చేసిన పనికే ఎదురు తిరుగుతాడు. ఊరి జనాన్ని కూడగట్టి రక్షణ దళం పెడతాడు. ఫాంటమ్ ఒట్టు మోశాడు, బహాదుర్ దించాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే అట్టల మధ్య అచ్చయ్యారు. ఒకడు అమెరికా నుంచి దిగుమతి, వాడికి పేర్లు మార్చి సరిపెట్టారు. రెండోవాణ్ని కొత్తగా కనాల్సి వచ్చింది, అందుకే వాడికి ప్రశ్న పుట్టింది. విక్రమార్కుడికి అసలు వారసుడు నా లెక్కలో ఈ బహాదురే. బరువు భుజాన ఉంది, జవాబు చెప్పాలి.

బహాదుర్ కథల బైండు పుస్తకాలప్ప పై అరలో ఉండేది. అడగనిదే ఇచ్చేవాడు కాదు. కొన్ని ఇళ్ల పిల్లలకు మాత్రం తనే చేతిలో పెట్టి, డబ్బు తీసుకోలేదని ఈ మధ్యే విన్నాను. ఏ ఇళ్లో నేను చెప్పను. వాళ్లు ఈ సభలో ఉండొచ్చు.

5

ఈ చివరి భాగం చిన్నది, పేర్ల గురించి. 1938లో సూపర్‌మ్యాన్‌ను కన్న జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రవాళ్లు నూట ముప్ఫై డాలర్లకు వాడి మీద హక్కులన్నీ రాసిచ్చేశారు. దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో ఏళ్ల తరబడి సీరియల్స్ రాసినా పత్రికలో ఆయన పేరు పడలేదు. తోకచుక్క ఎవరు రాశారో తెలియకుండానే మా తరం పెద్దదైంది. ఆయన 2010లో పోయారు. అభిమానులు వెతికి పట్టుకుని పేరు పైకి తెచ్చింది చివరి రోజుల్లోనే. అచ్చొత్తిన ఇంటి పేరు అట్ట మీద, రాసిన చేతి పేరు ఎక్కడా లేదు.

మన పుస్తకాలప్ప పేరు ఈ ఉపన్యాసంలో లేకపోవడం ఆ జాబితాలో చేరుతుందా? ఇది ఆయన కోరి తీసుకున్నది, అది వాళ్లకు జరిగింది. రెండూ ఒకటి కావు. అయినా నాకు కొంచెం కష్టంగానే ఉంది. కుటుంబం మాట దాటలేను.

ఒకటి మాత్రం తెచ్చాను. ఆ హిందీ వేతాళుడి బైండు ఇదిగో, బల్ల మీద ఉంది. పక్కన చందమామ బైండు కూడా పెట్టాను, ఆయన అరలో ఉన్నట్టే. రెండూ ఒకే సూదితో, ఎమ్మిగనూరు నూలుదారంతో ఆయన కుట్టినవి. సభ అయిపోయాక పిల్లలు వచ్చి చూడొచ్చు. మెల్లగా తిప్పండి, కుట్టు పాతది. ముప్ఫై నాలుగో పేజీ లేదు. అది చించింది నేనే.